నాగయ్య దీపం పట్టీలు

హౌరాకి నది అవతల, ఓడరేవు పేట వాట్‌గంజ్‌లో కార్పొరేషన్ స్వీపర్ల క్వార్టర్సుని ఆనుకుని ఉన్న కృపాసైన్యం హాలుకి ఆ ఆగస్టులో నూరేళ్లు నిండాయి. పండక్కి కావలసినవన్నీ అమిరాయి. షామియానా అమిరింది, బిర్యానీ వండడానికి ఖిదిర్‌పూర్ వంటవాడు అమిరాడు, ఖరగ్‌పూర్ బ్యాండువాళ్లు తప్పకుండా వస్తామన్నారు. అమరనిదల్లా మేరీరాణి కన్నతండ్రి నాగయ్య ఒక్కడే. హాలు గోడకీ ఆయన మంచానికీ మధ్య ముప్పై అడుగులు ఉండవు. అయినా పండగనాటి కవాతుకి మాత్రం రానన్నాడు. ఇప్పుడు కొత్తగా అన్న మాట కాదది, ఇరవై ఆరేళ్లుగా అంటున్న మాట.

సైన్యం అన్నాం కదా అని ఎవరూ కంగారు పడనక్కర్లేదు. దేవుడి పేరు చెప్పి డ్రమ్ము కొట్టుకుంటూ వీధుల్లో పాటలు పాడే మిషను అది. తుపాకులు ఉండవు, తెల్ల యూనిఫారాలు ఉంటాయి. యుద్ధాలు ఉండవు, హోదాలు మాత్రం దండిగా ఉంటాయి. అడుగున మామూలు సైనికులు, పైన లెఫ్టినెంట్లు, కెప్టెన్లు, మేజర్లు, కర్నళ్లు. ఒకప్పుడు లెఫ్టినెంటుకీ కెప్టెనుకీ మధ్య ఎన్‌సైన్ అని ఇంకో మెట్టు ఉండేది. పగలు తమ ఉద్యోగం తాము చేసుకుంటూ సాయంత్రాలు హాలు నడిపేవాళ్ల కోసం పెట్టిన హోదా. నీలం మఖమల్ పట్టీ మీద జరీతో కుట్టిన దీపం, దాని కింద ఒకే ఒక్క చుక్క. భుజానికొకటి చొప్పున రెండు పట్టీలు.

నాగయ్య ఆ పట్టీలు డెబ్బై తొమ్మిదిలో అందుకున్నాడు. తెల్లారకుండానే చీపురు పట్టి డాక్ రోడ్లు ఊడ్చి వచ్చి, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, సాయంత్రం అవి తగిలించుకుంటే మనిషి జానెడు పొడుగు పెరిగేవాడు. పొద్దున్న "ఏయ్ ఝాడూదార్" అని కేకేసిన నోళ్లే సాయంత్రం "ఎన్‌సైన్ సాహెబ్" అనేవి. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, హోదాలు మరీ ఎక్కువైపోయాయని పైవాళ్లకి తోచింది. ఎన్‌సైన్‌ని ఎత్తేశారు. ఉన్న ఎన్‌సైన్లు ఉద్యోగం మానేసి రెండేళ్లు శిక్షణకి వస్తే కెప్టెన్లు అవుతారు, రాకపోతే మళ్లీ మామూలు సైనికులేనన్నారు. నాగయ్యకి నలుగురు పిల్లలు. కార్పొరేషన్ కొలువు మానేస్తే పొయ్యిలోంచి పిల్లి లేవదు. పట్టీలు రెండూ ఊడదీసి, కాగితంలో చుట్టి, రిజిస్టర్ పోస్టులో పంపించేశాడు.

"ఇచ్చినోళ్లే తీసేసుకున్నారు, మనకేటి?" అన్నాడు. ఆ పూటే యూనిఫారం మడిచి పెట్టెలో పెట్టేశాడు. యూనిఫారం లేనిదే కవాతులో నడవకూడదు. పట్టీలతో వస్తానంటే వాళ్లు ఒప్పుకోరు, ఉత్త భుజాలతో రమ్మంటే ఈయన ఒప్పుకోడు. పట్టుకున్న కుందేటికి మూడే కాళ్లనే రకం.

మేరీరాణీ తక్కువేమీ తినలేదు. ఆ తండ్రి కూతురే. వాట్‌గంజ్ హాలుకే కాదు, చుట్టుపక్కల కృపాసైన్యం వాళ్లందరికీ యూనిఫారాలు కుట్టేది ఆవిడే. తండ్రికి ఎనభై ఒకటి నిండాయి. ఈ నూరేళ్ల కవాతులో ఆయన ఒక్కసారి, ఆ పట్టీలతో, నలుగురూ చూస్తుండగా నడవాలి. ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. అందుకోసం పై ఆఫీసులో ఉండే కర్నల్ మనోహర్ గారికి మూడు ఉత్తరాలు రాసింది. మొదటిది వినయంగా రాసింది. రెండోది కాస్త గట్టిగా రాసింది. మూడోది ఎలా రాసిందో మనం చెప్పుకోకపోవడమే మంచిది. మూడింటికీ కలిపి ఒకటే జవాబు వచ్చింది. రద్దయిన హోదాకి గుర్తు ధరించే వీలు నిబంధనల్లో లేదు, అని. ఒక్క వాక్యం, కింద సంతకం.

ఆ కర్నల్ గారే పండక్కి ముఖ్య అతిథి. ఆయన చేతుల మీదుగా ఆ రోజు ఇరవై నలుగురు లెఫ్టినెంట్లు కెప్టెన్లు కావాలి. వాళ్ల భుజాలకి పట్టీలు తయారు చేయించే పని మళ్లీ మేరీరాణిదే. కెప్టెన్ పట్టీ మీద దీపం ఉండదు. తెరిచిన పుస్తకం, రెండు చుక్కలు ఉంటాయి.

జరీ పని గార్డెన్ రీచ్‌లో తాజుద్దీన్ ఉస్తాద్ కార్ఖానాలో జరుగుతుంది. ఏ గుర్తు కుట్టాలన్నా వాళ్ల దగ్గర దానికో కాగితం ఉంటుంది. బొమ్మ గీత వెంబడి సూదితో పొడిచిన కాగితం. దాన్ని బట్ట మీద పరిచి నీలం పొడి కలిపిన కిరసనాయిలు రుద్దితే చిల్లుల్లోంచి బొమ్మ దిగుతుంది. అలాంటి కాగితాలు చుట్టలు చుట్టలుగా ఆ కార్ఖానా పైకప్పు వాసాలకి వేలాడుతుంటాయి. ఎప్పుడూ మొదటి జత కుట్టాక మేరీరాణి వెళ్లి చూసి సరేనంటేనే మిగతావి మొదలుపెడతారు. ఈసారి మూడు రోజులు కుండపోత. ఖిదిర్‌పూర్‌లో మోకాటి లోతు నీళ్లు, ఆటోలు లేవు, బస్సులు లేవు. "ఎప్పుడూ కుట్టేదే కదా, కుట్టేయండి" అని ఫోనులోనే చెప్పేసింది.

పండగనాడు, ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి వాన వెలిసింది. ఉస్తాద్ కొడుకు ఫిరోజ్ సైకిల్ వ్యాను మీద అట్టపెట్టె పెట్టుకుని నేరుగా హాలుకే వచ్చాడు. లోపల కర్నల్ గారు ఉన్నారు, ఇరవై నలుగురు లెఫ్టినెంట్లు ఉత్త భుజాలతో వరసగా నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందూ మేరీరాణి పెట్టె తాడు కోసి మూత తీసింది.

పెట్టె నిండా దీపాలు. దీపం కింద ఒక్కో చుక్క. నలభై ఎనిమిది పట్టీలు, ఒక్కదాని మీదా పుస్తకం లేదు.

"బాబా రే!" అంది మేరీరాణి.

ఫిరోజ్‌కి ఆవిడ మొహం చూసి భయం వేసింది. వాళ్ల నాన్న కంటి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాడట. వాసానికి వేలాడే పుస్తకం కాగితం వానకి తడిసి ముద్దయిపోయిందట. తమ కార్ఖానాలో కృపాసైన్యాన్ని తాతల కాలం నుంచీ 'దీపంవాళ్లు' అనే అంటారు కనక, తాతగారి పెట్టె వెతికి దీపం కాగితం తీసి శ్రద్ధగా కుట్టించానని హిందీలో చెప్పుకొచ్చాడు. పాపం, పని మాత్రం అద్భుతంగా ఉంది. దీపం వత్తికి ఎర్ర పట్టుదారం కూడా వేశాడు.

కర్నల్ మనోహర్ గారు ఒక పట్టీ తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. గుంటూరువైపు మనిషి. సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉంటారు. నిబంధనల పుస్తకం ఎడమ జేబులో ఉంటుంది. తీయాల్సిన అవసరం రాదు, అంతా కంఠతా వచ్చు.

"మేరీరాణి గారూ, మీరు నాకు మూడు ఉత్తరాలు రాశారు" అన్నారు నెమ్మదిగా.

"రాసినాను బాబూ."

"ఇది నాలుగో ఉత్తరమా?"

మాట అర్థం కావడానికి ఆవిడకి ఒక్క క్షణం పట్టింది. అర్థం కాగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆ వెనకే కోపమూ వచ్చింది. ఆవిడకి ఆ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి.

"ఏటన్నారు? నేను కావాలని సేయించినాననా? నాకు కావలిస్తే ఒక్క జత కుట్టించుకుంటాను గానీ ఇరవై నాలుగు జతలెందుకు బాబూ? నా పనికి నేనే మచ్చ తెచ్చుకుంటానేటి? ముప్పై ఏళ్లుగా కుడతన్నాను, ఒక్క బొత్తం ఊడిందని ఎవరైనా అన్నారేటి అడగండి!"

ఎవరూ అనలేదు. వరసలో చివర నిలబడ్డ సునీల్‌కుమార్ ఆ మాట చెప్పడానికి నోరు తెరిచి, కర్నల్ గారి మొహం చూసి మూసేసుకున్నాడు. ఆ హాలు చూసుకునేది అతనే. పాతికేళ్లు కూడా లేని విజయనగరం కుర్రాడు.

"సరే సరే, తప్పుగా అన్నాను" అన్నారు కర్నల్ గారు. అంత తేలిగ్గా తప్పు ఒప్పుకుంటారని ఎవరూ అనుకోలేదు. కానీ ఆయనకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. పట్టీ భుజాన పడితేనే పదోన్నతి అని నిబంధన. పట్టీలు లేవని వాయిదా వేస్తే మళ్లీ ఏడాది ఆగాలి. ఈ పిల్లల తల్లిదండ్రులు శ్రీకాకుళం నుంచి, బరంపురం నుంచి రాత్రంతా రైల్లో కూచుని వచ్చి హౌరాలో దిగారు. బయట షామియానా కింద టీలు తాగుతున్నారు. ఆయన కాసేపు అటూ ఇటూ పచార్లు చేసి ఆగారు.

"ఈ ఒక్క పూటకీ ఇవే పెట్టేద్దాం. అసలు పట్టీలు వచ్చే వారం ఇద్దాం. నీలం గుడ్డ మీద జరీయే కదా, దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది?"

మేరీరాణి అప్పటికే పెట్టె మూత వేయబోతోంది. ఆ మాట వినగానే చెయ్యి ఆగిపోయింది.

"ఎవరికి తెలుస్తాదా? ఆ గోడ అవతల మంచం మీద కూకున్న ముసలాయనకి తెలుస్తాది. రోజూ తలుచుకుంటన్నాడు ఆ దీపాన్ని. ఆయన ఇరవై ఏళ్లు మోసినాడు, ఆయనకి వద్దన్నారు. ఈ కుర్రగుంటలు పుట్టక ముందే తీసేసిన దీపం, ఈల్లకి పెట్టొచ్చు. లేని హోదా ఇరవై నాలుగు మందికి ఉండొచ్చు గానీ ఇరవై ఐదో మనిషికి ఉండకూడదా? ఇదేటి న్యాయం, చెప్పండి బాబూ!"

ఫిరోజ్‌కి తెలుగు రాదు గానీ విషయం అందింది. మెల్లిగా వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

అప్పుడు సునీల్‌కుమార్ చెయ్యి ఎత్తాడు. గడుసుతనం ఏమీ లేదు. నిజంగానే అతనికి సందేహం వచ్చింది. కవాతు వరస దిద్దే బాధ్యత అతనిది మరి.

"సార్, మాకందరికీ ఒకే పట్టీ కదా. అలాంటప్పుడు ముందు ఎవరు నడవాలి సార్?"

నిబంధన అడిగితే కర్నల్ గారు ఆగలేరు. కళ్లు సగం మూసుకుని వల్లించేశారు. "ఒకే హోదా గలవారు కలిసి నడుచునప్పుడు, ఆ పట్టీని అందరికన్న ముందుగా పొందినవారే అగ్రభాగమున..."

అక్కడ ఆగిపోయారు. పట్టీ వంక చూశారు, మేరీరాణి వంక చూశారు. ఇరవై నలుగురు లెఫ్టినెంట్లూ ఒక్కసారే గోడ వైపు చూశారు. కర్నల్ గారి పెదవులు కాసేపు బిగుసుకున్నాయి, తర్వాత వణికాయి, ఆ తర్వాత ఆయన పకపకా నవ్వేశారు. ఆయన నవ్వడం ఆ హాలులో ఎవరూ అంతవరకూ చూడలేదు.

"మీ నాన్నగారు ఏ సంవత్సరంలో అందుకున్నారమ్మా?"

"డెబ్బై తొమ్మిది."

"అయితే నిబంధన ప్రకారం ఆయన లేకుండా ఈ కవాతు కదలడానికి వీల్లేదు. ఎలా తీసుకొస్తారో తీసుకురండి."

మేరీరాణి పరిగెత్తింది. యాభై దాటిన మనిషి, తెల్ల యూనిఫారం చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని, బురదనీళ్లు చింది పడుతుంటే పరిగెత్తింది. నాగయ్య లుంగీలో మంచం మీద కూర్చుని టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు.

"నాన, లెగు. నిన్ను రమ్మంటన్నారు."

"ఎవలు? కర్నలా? నువ్వెల్లి ఏడిసి కాల్లట్టుకున్నావేటి? జాలి పడి పిలిస్తే నాను రాను."

"జాలేటి నాన, అక్కర! తప్పు కాగితం ఏసి ఇరవై నాలుగు మందికి నీ దీపం కుట్టీసినారు. అందరూ ఈ పూటకి ఎన్‌సైన్లయిపోనారు. మరి పాతోడు ముందుండాలి కదా. నువ్వు రాకపోతే అందరూ అక్కడే నిలబడిపోతారు."

బిస్కెట్టు విరిగి టీలో పడిపోయింది. నాగయ్య దాని సంగతి పట్టించుకోలేదు.

"అందరికీ దీపమే?"

"అందరికీ."

"ఒక్క చుక్కే?"

"ఒక్కటే నాన."

"మరి ఆ గుంటలు కెప్టెన్లు కావాల కదే! మెట్టు దిగిపోనారు కదా, పాపం!" అని ముసలాయన ముందు వాళ్ల కోసం బాధపడ్డాడు. తర్వాత భుజాలు కదిలించి కదిలించి నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు, చెంపల మీదికి నీళ్లు కారుతున్నాయి. అవి తుడుచుకోవాలని కూడా ఆయనకి తోచలేదు. మేరీరాణికి గుండె నిండిపోయింది. తండ్రి అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తు లేదు.

యూనిఫారం పెట్టెలోంచి తీసింది. ఏటా ఉతికి ఇస్త్రీ చేసి మళ్లీ పెట్టెలో పెడుతూనే ఉంది. చొక్కా ఇప్పుడు ఆయనకి ఇద్దరు పట్టేంత వదులు. వీపు వెనక నాలుగు పిన్నులు పెట్టి బిగించింది. తొందరలో ఒక పిన్ను తండ్రికి గుచ్చుకుంది కూడా.

హాలు గుమ్మంలోకి ఆయన అడుగు పెట్టగానే ఇరవై నలుగురూ బిర్రుగా నిలబడ్డారు. కర్నల్ మనోహర్ గారు పెట్టెలోంచి ఒక జత తీసి, తన చేత్తోనే నాగయ్య భుజాలకి తగిలించారు.

"ఎన్‌సైన్ నాగయ్య గారూ, నేను రాసిన జవాబులో తప్పు లేదు. కానీ ఆ ఉత్తరం రాసేముందు నేను ఇక్కడికి వచ్చి మిమ్మల్ని చూసి ఉండాల్సింది."

"ఇప్పుడొచ్చినారు కదా బాబూ" అన్నాడు నాగయ్య.

మిగిలినవి ఇరవై మూడు జతలే. సునీల్‌కుమార్ భుజాలు ఉత్తగా ఉండిపోయాయి. ఈ కంగారులో ఆ లెక్క ఎవరికీ తట్టనే లేదు. అతనేమో "పర్లేదండి, పర్లేదండి" అంటున్నాడు, గొంతు మాత్రం పర్లేదన్నట్టు లేదు. వాళ్లమ్మ బయట విజయనగరం నుంచి తెచ్చిన కొత్త చీర కట్టుకుని కూర్చుని ఉంది. నాగయ్య తన ఎడమ భుజం పట్టీ విప్పి అతనికి పెట్టాడు.

"పట్టీ పడితే సాలు గానీ రెండుండాలని రాసినారేటి బాబూ?" అని కర్నల్‌ని అడిగాడు.

కర్నల్ గారు జేబు మీద చెయ్యి వేసుకుని ఆలోచించారు. "రాయలేదు" అన్నారు చివరికి.

ఎనిమిదిన్నరకి మొదలు కావలసిన కవాతు తొమ్మిదింబావుకి మొదలైంది. అందరికన్నా ముందు నాగయ్య, ఆయన వెనక ఇరవై నలుగురు, వాళ్ల వెనక సైనికులు, బ్యాండు మేళం, డ్రమ్ము వాయిస్తూ మేరీరాణి మొగుడు ఆనందరావు. ముసలాయన మోకాళ్లకి తగ్గట్టు బ్యాండువాళ్లు పాట నెమ్మది చేశారు. హుషారు పాట కాస్తా జోలపాట నడకలో పడింది, అయినా జనానికి అదే నచ్చింది. డాక్ గేటు దగ్గర కూలీలు సైకిళ్లు ఆపారు. టీ కొట్టు బెంగాలీ ముసలాయన చేతిలో గిన్నె పక్కన పెట్టి, పరకాయించి చూసి, "ఆరే, ఎన్‌సైన్ సాహెబ్!" అని కేక పెట్టాడు. నాగయ్య తల తిప్పలేదు. కవాతులో అధికారి పక్కకి చూడకూడదు. కానీ అడుగు మాత్రం కాస్త పొడుగైంది.

మేరీరాణి ఫుట్‌పాత్ మీద వాళ్లతో పాటు నడుస్తోంది. చేతిలో సూదీదారం డబ్బా ఉంది. ఆవిడ కళ్లు తండ్రి వీపు మీది పిన్నుల మీదే ఉన్నాయి. వాటిలో ఒకటి ఊడేలా ఉంది. ఊడితే చొక్కా గుడారంలా లేస్తుంది, అంతమంది ముందు నవ్వులపాలు అవుతాడు. అందుకని ఆయనకి కాస్త వెనకగా, ఒక చెయ్యి ముందుకి చాపుకుని, నీటి గుంటలు దాటుకుంటూ నడుస్తోంది.

నాగయ్య ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. వెనక వాళ్లంతా ఆగారు. బ్యాండు ఆగింది. మోకాలు పట్టేసిందేమోనని కర్నల్ గారు ఒక అడుగు ముందుకి వేశారు.

"సైనికురాలు మేరీరాణీ!"

ఇరవై ఏళ్లు హాలు నడిపిన గొంతు అది. వీధి ఆ చివరకి వినిపించింది.

"ఏటి నాన?"

"లైన్లోకి రా."

ఆవిడ బిత్తరపోయింది. తండ్రి ఇంట్లో కూర్చున్న ఇరవై ఆరేళ్లూ ఆవిడ కూడా ఒక్క కవాతులోనూ నడవలేదు. పండగ రోజు ఆయన్ని ఒంటరిగా వదిలి వెళ్లడం మనసొప్పక, ఏదో ఒక కుట్టుపని అడ్డం పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయేది. ఆ సంగతి ఆయనకి తెలియదనే అనుకుంటూ వచ్చింది.

"నాను పక్కన నడుస్తాను నాన. నీ పిన్ను ఊడేటట్టుంది. ఊడితే ఎవలు పెడతారు?"

"ఊడిపోతే ఊడిపోనీయే" అన్నాడు నాగయ్య. "ఒకసారి ఊడిపోయినా బతికినాను కదా. నువ్వు రా."

మేరీరాణి డబ్బా తీసి టీ కొట్టు బల్ల మీద పెట్టేసింది. కొంగు నడుముకి దోపుకుని, సైనికుల మొదటి వరసలోకి దిగింది. పక్కావిడ కాస్త జరిగి చోటిచ్చింది. ఎడమ కాలు ముందో కుడి కాలు ముందో ఆవిడకి గుర్తు రాలేదు. ఆనందరావు అది చూసి, పెళ్లానికి అడుగు అందేలా డ్రమ్ము మీద గట్టిగా ఒక దెబ్బ వేశాడు. కవాతు కదిలింది.